ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) కుస్తీలో మొదటి బౌట్‌లో ఓడినా మూడో స్థానం ఎలా వస్తుంది?

ఒక్క ఓటమితో ఎవరూ ఇంటికి వెళ్లరు, రెండోసారి ఓడితేనే బయటికి. అమెరికాలో మార్చిలో మూడు రోజులు జరిగే ఈ డివిజన్ వన్ (అన్నిటికన్నా పై స్థాయి) పోటీల్లో 10 బరువు విభాగాలు, ఒక్కోదాంట్లో 33 మంది. ఓడినవాడు కన్సోలేషన్ వైపు, అంటే ఒకసారి ఓడినవాళ్ల మధ్య జరిగే పోటీలోకి వెళ్తాడు. అక్కడ వరసగా గెలుస్తూ పోతే మూడో స్థానం దాకా రావచ్చు. టైటిల్ మాత్రం ఇక దక్కదు. మొదటి 8 మందికి ఆల్-అమెరికన్ గౌరవం.

నాకైతే అసలైన కుస్తీ ఇటువైపే కనిపిస్తుంది. నిన్న టైటిల్ ఆశ పోగొట్టుకున్న కుర్రాడు పొద్దున్నే మళ్లీ బరువు తూయించుకుని, లేసులు బిగించి మ్యాట్ మీదికి వస్తాడు. ఆ గెలుపుతో అతని కాలేజీ జట్టుకీ పాయింట్లు వస్తాయి. ప్రత్యర్థి భుజాలు రెండూ మ్యాట్‌కి అదిమి పెడితే అదనంగా మరో 2.