శనికి ఎంతమంది చంద్రులు?

సందేహం: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సైన్స్ ప్రాజెక్టులో 'కాసిని ఉపగ్రహం శని చంద్రులను ఫొటోలు తీసింది' అని రాసింది. టీచరు 'ఉపగ్రహం', 'చంద్రులు' రెండింటికీ సున్నా చుట్టారు. ఇంట్లో తలో మాట అంటున్నాం. ఏది సరి?

సమాధానం: ముందు చంద్రుల సంగతి. 'శని చంద్రులు' అనగానే చెవికి తగిలేది ద్వంద్వ సమాసం. సూర్యచంద్రులు, రామలక్ష్మణులు అన్నట్టే శనీ, చంద్రుడూ అని. జాతకం చూసేవారు 'శనిచంద్రులు ఒకే రాశిలో ఉన్నారు' అంటే అర్థం అదే కదా. శని చుట్టూ తిరిగేవి అని తెలియాలంటే 'శనికి ఉన్న చంద్రులు' అని విప్పి చెప్పాలి.

విప్పినా ఇంకో చిక్కుంది. మనకు చంద్రుడు మహద్వాచకం. 'చంద్రుడు వచ్చాడు' అంటాం, 'వచ్చింది' అనం. అంచేత బహువచనంలో 'నలుగురు చంద్రులు తిరుగుతున్నారు' అనాలి. 'నాలుగు చంద్రులు తిరుగుతున్నాయి' అంటే 'నాలుగు పిల్లలు ఆడుతున్నాయి' అన్నట్టే ఉంటుంది. 2025 మార్చిలో ఒక్కసారిగా 128 కొత్తవి చేరి శని లెక్క 274 అయింది. వాటిలో చాలావరకు కొద్ది కిలోమీటర్ల బండలు. వాటిని '274 మంది చంద్రులు' అనడానికి నోరు రాదు. పైగా చంద్రుడంటే ఆహ్లాదం కలిగించేవాడని వ్యుత్పత్తి. మనకది మన ఆకాశంలో కనిపించే ఆ ఒక్కడి పేరు. ఉపనది, ఉపకథ లాంటి 'ఉపగ్రహం' ఉండగా ఈ అవస్థ ఎందుకు? ఇక్కడ నేను టీచరు పక్షమే.

శనిని పరిశీలించడానికి పంపిన వ్యోమనౌకను ఉపగ్రహం అన్నందుకు మాత్రం మీ అమ్మాయిని తప్పుపట్టలేను. గ్రహం చుట్టూ తిరిగేదేదైనా ఉపగ్రహమే. ఆ నౌక 1997 అక్టోబరు 15న బయలుదేరి 2004 జూలై 1న శని కక్ష్యలో పడింది. దారిలో ఉన్న ఆ ఆరేళ్ల పైచిలుకు కాలం అది వట్టి వ్యోమనౌక. కక్ష్యలో చేరింది మొదలు, 2017 సెప్టెంబరు 15న శని వాతావరణంలోకి దూకి కాలిపోయేదాకా, అది శనికి కృత్రిమ ఉపగ్రహం. వాయేజర్ నౌకలు అలా కాదు. శనిని దగ్గర నుంచి చూసి ముందుకు సాగిపోయాయి. వాటిని ఉపగ్రహాలంటే తప్పే. మీ అమ్మాయి రాసిన నౌక మోసుకెళ్లిన హైగెన్స్ అనే యంత్రం 2005 జనవరి 14న పారాచూట్లతో శని ఉపగ్రహం టైటాన్ మీద దిగింది. దిగేది గనక దాన్ని ల్యాండర్ అంటే చాలు, చంద్రయాన్ పుణ్యమా అని ఆ మాట అందరి నోళ్లలో నానింది. అయితే 'ఉపగ్రహం ఉపగ్రహాన్ని ఫొటో తీసింది' అంటే చదివేవాడికి తికమక. అందుకని యంత్రాన్ని 'నౌక' అనడమే మేలు.

టీచరు చూడకుండా వదిలేసిన మాట ఒకటుంది: 'కాసిని'. 'కాసిని మంచినీళ్లు ఇవ్వమ్మా' అంటామే, ఆ కాసిని. అంటే కొంచెం, కొన్ని. ఎన్‌సెలడస్ అనే శని ఉపగ్రహం దక్షిణ ధ్రువం దగ్గర మంచు పగుళ్లలోంచి నీటి ఆవిరి చిమ్మడాన్ని పసిగట్టింది ఈ నౌకే. దాన్ని 'కాసిని నీళ్లు కనిపెట్టింది' అని రాస్తే, ఎవరు కనిపెట్టారు అని అడుగుతారు! శని వలయాల మధ్య ఖాళీని 1675లో గుర్తించిన ఖగోళ శాస్త్రవేత్త పేరు ఇది. ఆయన ఇటలీలో పుట్టినవాడు, వాళ్ల ఉచ్చారణలో సకారం ఒత్తి పలుకుతుంది: కస్సీని. మీ అమ్మాయిని 'కస్సీని నౌక శని ఉపగ్రహాలను ఫొటోలు తీసింది' అని రాయమనండి.