యాక్సిడెంట్ తర్వాత అవతలి డ్రైవర్ ఇన్సూరెన్స్ కంపెనీ ఫోన్ చేసి, ఏం జరిగిందో చెప్పమని రికార్డు చేసుకునే స్టేట్‌మెంట్ అడిగితే ఇవ్వాలా?

సాధారణంగా ఇవ్వనక్కర్లేదు, యాక్సిడెంట్ వివరాలు చెప్పి సహకరించాల్సిన బాధ్యత మీకు మీ సొంత ఇన్సూరెన్స్ కంపెనీ పట్లే ఉంటుంది, ఎందుకంటే మీ ఒప్పందం దానితోనే. అవతలి కంపెనీ కాపాడుకునేది తన కస్టమర్‌ని, తన డబ్బుని. ఫోన్‌లో ఎంత మర్యాదగా మాట్లాడినా సంగతి అంతే.

మొదటి రోజు మొహమాటానికి "నాకేం కాలేదండీ" అన్నారనుకోండి. మెడ నొప్పి చాలాసార్లు ఒకటి రెండు రోజులు ఆగి మొదలవుతుంది. అప్పుడు వైద్యం ఖర్చు అడిగితే, రికార్డయిన ఆ మాటనే మీ ముందు పెడతారు. పేరు, బండి నంబరు, యాక్సిడెంట్ జరిగిన తేదీ, చోటు చెబితే చాలు. మిగతాది రాసి పంపమనండి.

చాలామంది పొరపడేది ఆ కంపెనీ పరిహారంగా ఇచ్చే చెక్కు దగ్గర. ఇప్పటికి ఇచ్చింది తీసుకుని, మిగతాది తర్వాత అడగొచ్చనుకుంటారు. దాంతోపాటు పూర్తి సెటిల్‌మెంట్ కాగితం (ఇక ఏమీ అడగనని ఒప్పుకునే పత్రం) మీద సంతకం పెట్టేస్తే, కొత్త గాయం బయటపడినా సాధారణంగా ఇక అడగడానికి ఉండదు.