‘ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ నవలలోని ఫాలాంక్సిఫార్ నిజమైన మందేనా?

కాదు, ఫాలాంక్సిఫార్ అనే మందు ఎక్కడా లేదు. అలాంటిది ఉంటే బాగుండునని తానే కల్పించానని రచయిత జాన్ గ్రీన్ పుస్తకం చివర ఒప్పుకున్నారు.

కథకు దాని అవసరం ఉంది. పదహారేళ్ల కథానాయిక హేజెల్‌కు థైరాయిడ్ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. ముక్కుకు గొట్టం, చక్రాల బండి మీద ఆక్సిజన్ సిలిండర్, ఎక్కడికి వెళ్లినా దాన్ని లాక్కుంటూ వెళ్లాల్సిందే. జబ్బు పూర్తిగా నయమైతే ఈ కథే లేదు. వెంటనే ప్రాణం తీస్తే ప్రేమకు వ్యవధి ఉండదు. అందుకే కణితులు పెరగకుండా కొన్నాళ్లు ఆపి ఉంచే మందు ఒకటి కావలసి వచ్చింది.

పేరు కల్పితమే గానీ మందు పనిచేసే తీరు మరీ గాలిలోంచి పుట్టింది కాదు. ఉదాహరణకు సొరాఫెనిబ్ అనే నిజమైన మందు. రేడియో అయోడిన్ (రేడియోధార్మిక అయోడిన్‌తో చేసే చికిత్స)కు లొంగని థైరాయిడ్ క్యాన్సర్‌కు దీన్ని వాడేందుకు అమెరికాలో 2013లో, అంటే నవల వచ్చిన మరుసటి ఏడాది, అనుమతి లభించింది. అదీ సాధారణంగా వ్యాధిని నిర్మూలించదు, దాని వేగాన్ని కొంతకాలం తగ్గిస్తుంది, అంతే.

ఇక హేజెల్ అంటే ఎస్తర్ ఎర్ల్ అనే అపోహ ఒకటుంది. అదే క్యాన్సర్‌తో 2010లో 16 ఏళ్లకు మరణించిన ఈ అమెరికా బాలిక గ్రీన్‌కు స్నేహితురాలు, పుస్తకం అంకితమిచ్చిందీ ఆమెకే. అయినా ఇది ఆమె జీవితకథ కాదు. నవలలో అగస్టస్ అనే కుర్రాడితో హేజెల్ ప్రేమ, ఆమ్‌స్టర్‌డామ్ ప్రయాణం కల్పనలే.