"ఏదో ఒకటి పెట్టు" అంటే?

ప్రశ్న: మా అత్తగారికి 79 ఏళ్లు. నాలుగు నెలల క్రితం జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తున్నారు. పగలు చూసుకోవడానికి ఒకమ్మాయిని పెట్టాం. మంచి పిల్ల. అయినా ఎనిమిదిన్నరకి స్నానానికి లేవమంటే రోజూ గొడవే. నైటీ వేస్తే మొహం ముడుచుకుంటారు. ఏం తింటారంటే "ఏదో ఒకటి పెట్టు" అంటారు, పెడితే రెండు ముద్దలు తిని లేస్తారు. బీరువా తాళాలు దిండు కింద పెట్టుకుని ఎవరినీ ముట్టుకోనివ్వరు. ఎందుకింత మొండితనం?
– ఒక కోడలు, కాకినాడ

జవాబు: ముందు ఒక మాట. ఇదంతా రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి మొదలైతే, పగలూ రాత్రీ తేడా తెలియనట్టు మాట్లాడుతుంటే, వెంటనే డాక్టరుకి చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా పెద్దవాళ్లు అలా అయిపోతారు. అదేం కాదనుకుంటే చదవండి.

పడకముందు ఆవిడ ఎన్నింటికి స్నానం చేసేవారమ్మా? తెల్లవారుజామునే చేసి దీపం పెట్టుకునే మనిషైతే, ఎనిమిదిన్నర దాకా స్నానం లేకుండా కూర్చోవడమే ఆవిడకి శిక్ష. ఆ వేళ ఆవిడది కాదు, ఆ అమ్మాయి డ్యూటీది. కాస్త ముందు రాగలదేమో అడగండి. కుదరకపోతే పొద్దున్నే మీరే కాళ్లూ చేతులూ కడిగి, ఒళ్లు తుడిచి, ఉతికిన బట్ట కట్టండి. అసలు స్నానం సాయంత్రం చేస్తారేమో, అదీ ఆవిడనే అడగండి. మీవారిని అడిగితే "మా అమ్మకి ఏదైనా ఒకటే" అంటారు. కొడుకులందరూ అదే అంటారు లెండి.

మా అక్క కూతురు అమెరికాలో నర్సింగ్ హోమ్‌లో నర్సు. మన దగ్గరలా చిన్న ఆసుపత్రి కాదు, అక్కడ ఆ పేరు పెద్దవాళ్లుండే చోటుకి. 2010 అక్టోబరు నుంచి అక్కడ నింపే ఫారంలో ఈ ప్రశ్నలున్నాయి: ఏ బట్టలు కట్టుకోవాలో మీరే ఎంచుకోవడం ఎంత ముఖ్యం? స్నానం ఎలా చేయాలన్నది? ఎప్పుడు పడుకోవాలన్నది? మీ వస్తువులు తాళం వేసి దాచుకోవడం? చాలా ముఖ్యం, కొంత ముఖ్యం, అంత కాదు, అసలు కాదు అనే నాలుగు జవాబులతో పాటు ఇంకొకటి కూడా ఉంది. "ముఖ్యమే, కానీ నావల్ల కాదు, లేదా నా చేతిలో లేదు." అది విన్నప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

మన పెద్దవాళ్లు ఆ జవాబునే "ఏదో ఒకటి పెట్టు" అంటారు. మనమేమో దాన్ని "నాకేం పట్టింపు లేదు" అని వింటాం. ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన నేనూ అలాగే విన్నాను. చేతులు వణుకుతున్నాయని అమ్మకి కాఫీ మూత ఉన్న ప్లాస్టిక్ కప్పులో ఇచ్చేదాన్ని. వారం తిరక్కుండా "కాఫీ మానేశానే" అంది. పోనీ, నిద్రైనా పడుతుందని సంతోషించాను కూడా. నెల తర్వాత పక్కింటావిడ స్టీలు గ్లాసులో సగానికి పోసి ఇస్తే తాగి, మళ్లీ పోయించుకుంది. ఏమిటమ్మా అంటే, "ఆ పాలపీకతో ఎలా తాగనే?" అంది. నన్ను మాత్రం ఒక్కరోజూ గ్లాసు అడగలేదు.

అందుకని "ఏం తింటారు?" అని అడక్కండి. కూర తరగకముందే బీరకాయా దోసకాయా తెచ్చి ముందు పెట్టి, "పచ్చడి చేయనా, పప్పులో వేయనా?" అనండి. మొదట్లో "నీ ఇష్టం" అనే అంటారు. అక్కడే కూర్చుని ఉల్లిపాయలు ఒలుచుకోండి. కాసేపటికి చెబుతారు.

నైటీ దగ్గర మాత్రం నేను సగం మీ పక్షమే. చీర కుచ్చిళ్లు వాకర్ కాళ్లలో పడితే మళ్లీ పడిపోతారు. అయితే ఆవిడ బాధ నైటీయా, ఎవరైనా వచ్చినప్పుడు పైట లేకుండా కూర్చోవడమా? రెండోదైతే పైన ఒక ఓణీ వేస్తే సరిపోతుంది. నైటీయే వద్దంటే మెత్తని నూలు చీర చీలమండల పైకి కట్టి చూడండి.

ఇక తాళాలు. ఇన్నాళ్లూ బొడ్లో దోపుకుని ఉంటారు. నైటీలో ఎక్కడ దోపుతారు చెప్పండి? అందుకే దిండు కిందికి చేరాయేమో. నైటీకి ఒక జేబు కుట్టించండి. ఏ పక్కన కావాలో ఆవిడనే అడిగి.