భాషానిలయం ముందున్న ‘ఆంధ్ర’

సందేహం: మా జిల్లా ప్రముఖుల మీద వ్యాసం రాస్తున్నాను. హైదరాబాదు సంస్థానంలోని పాత సంస్థల్లో దేని పేరు చూసినా ‘ఆంధ్ర’ అని ఉంది. తెలంగాణ సంస్థలకు ఆ మాట ఎందుకు? దాన్ని ‘తెలంగాణ’ అనో ‘తెలుగు’ అనో మార్చి రాయవచ్చా? మాడపాటి హనుమంతరావును ‘ఆంధ్రపితామహుడు’ అంటే నేటి పాఠకులు తికమకపడరా?

సమాధానం: తికమకపడతారు, నిజమే. అయినా పేర్లు మార్చకండి. ఆ పేర్లలో ‘ఆంధ్ర’ అంటే ప్రాంతం కాదు, భాష. పోతన భాగవతాన్ని ఆంధ్ర మహాభాగవతం అన్నప్పుడు మనం ఏ జిల్లా అని అడగం కదా!

1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివారు హైదరాబాదులో పెట్టిన గ్రంథాలయం పేరు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం. ఇక్కడ సమాసాన్ని సరిగ్గా విడదీయాలి. ఆంధ్రభాషకు నిలయం. అంటే తెలుగుకు ఒక ఇల్లు. ‘ఆంధ్ర భాషానిలయం’ అని విడగొట్టి రాస్తేనే అది ఆంధ్ర ప్రాంతపు సంస్థలా వినిపిస్తుంది. చాలా పుస్తకాల్లో అచ్చు అలాగే పడుతోంది. మీరు మాత్రం ‘ఆంధ్రభాషా’ కలిపి రాయండి, సగం అనుమానం అక్కడే తీరిపోతుంది.

ఆ రోజుల్లో సంస్థానంలో ప్రభుత్వ కచేరీలూ చదువులూ ఉర్దూలోనే సాగేవి. 1921లో హైదరాబాదులో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే కొందరు గేలిచేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. పుట్టుకే భాష కోసం కాబట్టి పేరులో భాష ఉంది. తర్వాత ఆ పేరు ‘నిజాం రాష్ట్ర ఆంధ్రజన సంఘం’గా సాగింది. ప్రాంతాన్ని చెప్పడానికి ‘నిజాం రాష్ట్ర’ ఉండనే ఉంది. ‘ఆంధ్ర’ కూడా ప్రాంతమే అయితే ఒక పేరులో రెండు ప్రాంతాలు ఎందుకుంటాయి? 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్ర మహాసభ కూడా నిజాం రాష్ట్రపు తెలుగువాళ్ళదే.

ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే మాడపాటి వారి పుస్తకం పేరే ఉంది: ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’. రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదానికొకటి అడ్డం రాలేదు. తెలంగాణ నేల, ఆంధ్రం నుడి. ఆయన పుట్టింది కృష్ణా జిల్లాలోనే, కానీ బిరుదు వచ్చింది అందుకు కాదు. నిజాం ఏలుబడిలో తెలుగు చదువుకూ సభలకూ సంఘాలకూ పెద్దదిక్కుగా నిలిచినందుకు వచ్చింది.

మాట అర్థం జారిపోయింది తర్వాతి రాజకీయాల వల్ల. ఇప్పుడు ‘ఆంధ్ర’ అంటే ఎవరికైనా ముందు ప్రాంతమే తోస్తుంది, దాన్ని కాదనలేం. అందుకే సంస్థల పేర్లు, బిరుదులు ఉన్నవి ఉన్నట్టు ఉంచి, మీ సొంత వాక్యాల్లో మాత్రం ‘తెలుగు’ వాడండి. ‘హైదరాబాదులోని ఆంధ్రులు సంఘం పెట్టుకున్నారు’ అంటే ఇవాళ పెడర్థం వస్తుంది, ‘తెలుగువారు’ అనండి.

సంస్థ తానే పేరు మార్చుకుంటే సంగతి వేరు. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తుగా మొదలైనది నేడు తెలంగాణ సారస్వత పరిషత్తు. 1943 నాటి సంగతి రాసేచోట పాత పేరే రాసి, పక్కన ‘నేటి తెలంగాణ సారస్వత పరిషత్తు’ అని ఒక్కసారి చేర్చండి, చాలు.