పెరట్లో మల్లె, నందివర్ధనం తీసి వేరేచోట నాటాలంటే మనవైపు ఏ నెల మంచిది?

మీరు రాసింది చదివానండి. విజయవాడలో పాత ఇల్లు సంక్రాంతి వెళ్లాక బిల్డర్‌కి అప్పగిస్తున్నారు, పెరట్లో అమ్మగారు పెంచిన మల్లె గుబురు, నందివర్ధనం, కరివేపాకు, చామంతులు ఉన్నాయి, యూట్యూబ్‌లో అమెరికా వాళ్లేమో సెప్టెంబర్, అక్టోబర్‌లో మార్చేయమంటున్నారు, మనకీ అదే లెక్కా అని కదా. మాది గుంటూరు, మా పెరడు కూడా ఇలాగే ఖాళీ చేసి ఊరి చివర స్థలానికి మార్చుకున్నాం కాబట్టి చెప్తున్నా.

వాళ్ల లెక్క వాళ్ల చలికి. అక్కడ ఆకు రాలే టైంకి గాలి చల్లబడుద్ది కానీ నేలలో వేడి ఇంకా ఉంటది, పైన చిగురు పెట్టే పని లేదు కాబట్టి చెట్టు బలమంతా వేరు మీదే పెడుద్ది, నేల గడ్డకట్టడానికి ఒక ఆరు వారాల ముందే నాటేస్తే నిలదొక్కుకుంటది. మనకి గడ్డకట్టే గొడవ లేదు, మన శత్రువు ఎండ. మార్చి నుంచి ముదిరి రోహిణి కార్తెకి మాడ్చేస్తది కదా, ఆ లోపు వేరు కొత్త మట్టిలోకి దిగిపోవాలి. అందుకే మనవైపు దీపావళి వెళ్లాక, పెద్ద వానలు తగ్గాక మొదలుపెట్టి డిసెంబర్ లోపు ముగించడం మంచిది. మల్లెకి కూడా అదే సరైన టైం, పూత అయిపోయి ఎలాగూ కొమ్మ కత్తిరించే రోజులే.

అయితే పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాలండీ, అసలు సంగతి ఇదే. తవ్వడానికి నెలా నెలన్నర ముందు మొక్క చుట్టూ గుండ్రంగా గీత గీసి, పదునైన పారతో నిట్టనిలువుగా దించి వేర్లు తెంపి వదిలేయండి, మొక్క తీయొద్దు. ఒకేసారి చుట్టూ కాకుండా ఈ వారం సగం, రెండు వారాలాగి మిగతా సగం. తెగినచోట గీత లోపలే సన్నటి పీచువేర్లు పుడతాయి, నీళ్లు తాగేది అవే, రేపు మొక్కతో పాటు కొత్త ఇంటికి వచ్చేదీ అవే. గీత ఎంత దూరమంటే, నేల దగ్గర కాండం అంగుళం మందం ఉంటే మట్టిగడ్డ అడుగు వెడల్పు ఉండేలా చూసుకోండి. మీ నందివర్ధనం రెండంగుళాలు ఉందన్నారు కాబట్టి రెండడుగుల గడ్డ, అది లేపడానికి నలుగురు మనుషులు కావాలి, ముందే మాట్లాడి పెట్టుకోండి.

తీసే రోజు నేల పదును చూసుకోవాలి. మన నల్లరేగడి తడిగా ఉంటే పారకి జిగురులా పట్టుకుంటది, ఎండితే బీటలిచ్చి గడ్డ ముక్కలైపోద్ది, గడ్డ పగిలితే పీచువేర్లు పోయినట్టే. రెండ్రోజుల ముందు బాగా నీళ్లు పెట్టి, సాయంత్రం ఎండ దిగాక తవ్వి, గడ్డ కింద గోనెసంచి దూర్చి పురికొసతో బిగించి కట్టేయండి, కాండం పట్టుకుని ఎత్తొద్దు. పైన కొమ్మలు మూడో వంతు తీసేయండి, నందివర్ధనం పాలు కారుద్ది, కంగారు పడక్కర్లేదు. కొత్త గుంటలో ఇదివరకు ఎంత లోతులో ఉందో అంతే లోతు, రేగడి అయితే నీరు నిలవకుండా కాస్త ఎత్తుగా. డీఏపీ గట్రా ఎరువులేమీ వేయొద్దు, కొత్త చిగురొచ్చేదాకా నీళ్లు, నీడ చాలు. గ్రీన్ నెట్ పడమటివైపు కట్టండి.

మొక్కకి ఊతకర్రలు కట్టడం మర్చిపోవద్దు. నవంబర్, డిసెంబర్ అంటే మనకి తుఫాన్ల కాలం, 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా కొత్తగా నాటిన పారిజాతం మూడువైపులా కర్రలకి కట్టి ఉంది కాబట్టే నిలిచింది.

నాటాక ఆకంతా రాలిపోయినా పీకేయకండి దయచేసి, గోటితో కొమ్మ మీద బెరడు కొద్దిగా గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది.

కరివేపాకు పెద్ద చెట్టు జోలికి పోవద్దని నా అభిప్రాయం, తల్లివేరు లోతుకి పోతుంది, తెగితే కోలుకోవడం కష్టం. పక్కన పిలకలు వస్తాయి చూడండి, ఒకటి రెండు వేరుతో సహా తీసి కుండీలో పెట్టుకోండి, అదే చెట్టు అదే వాసన. చామంతి ఇప్పుడు మొగ్గ మీదుంటే కదపకండి, కుండీల్లోవైతే కుండీలతోనే తీసుకెళ్లి పూత అయ్యాక పిలకలు విడదీయండి. మల్లెకి మాత్రం ధైర్యం కోసం ఇవాళే ఒక తీగ వంచి మట్టిలో తొక్కి పైన రాయి పెట్టండి, మీరు ఖాళీ చేసేలోపు వేరు పట్టుద్ది, తల్లిమొక్క ఏమైనా అమ్మగారి మల్లె మీ చేతిలో ఉంటది.

కొత్త స్థలంలో మట్టి రేగడా, ఎర్రమట్టా చెప్పండి, గుంటలో ఇసుక ఎంత కలపాలో దాన్ని బట్టి చెప్తాను.