దారిలో ఆగిపోయే పాత పద్మిని కారు: కార్బొరేటర్ కొనే ముందు పెట్రోల్ ఎక్కడిదాకా వస్తోందో చూడండి

మీరు అడిగింది ఇదీ. విజయనగరంలో మీ తాతగారి ప్రీమియర్ పద్మిని ఉంది. మయూరి జంక్షన్, కోట జంక్షన్ మధ్య ఎంత తిప్పినా ఏ ఇబ్బందీ పెట్టదు. సాలూరు వైపు బయల్దేరితే మాత్రం గజపతినగరం దాటాక జర్కులు కొట్టి ఆగిపోతోంది. ఓ అరగంట నిలబెడితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతోంది. పెట్రోల్ పంపు కొత్తది వేయించారు, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బొరేటర్ విప్పించి కడిగించారు, అయినా అంతే. ఇప్పుడు కార్బొరేటర్ కూడా మార్చేయమంటున్నారు, మార్చాలా అని.

వద్దండీ. కనీసం ఇప్పుడే వద్దు. శ్రీకాకుళంలో మా నాన్నగారి అంబాసిడర్‌ని నేనే చూసుకుంటాను. దానికీ ఇదే జబ్బు వచ్చింది. మీది 1089 సీసీ ఇంజన్, మాది 1489 సీసీ. బండ్లు వేరైనా పెట్రోల్ నడిచే దారి ఒకటే. వెనక ట్యాంకు, అక్కడినుంచి బండి కింద సన్నటి ఇనుప గొట్టం, ముందు ఇంజన్ పక్కన మెకానికల్ పంపు, ఆపైన కార్బొరేటర్. ఇంజన్ లోపలి క్యామ్‌షాఫ్ట్ అనే కడ్డీ తిరుగుతూ పంపు లివర్‌ని నొక్కితే పంపు లోపలి డయాఫ్రం, అంటే పల్చటి పొర, వెనక్కి వెళ్లి, అంత దూరంలో ఉన్న ట్యాంకు నుంచి పెట్రోల్‌ని పీలుస్తుంది. ఆ పీల్పుకి చాలా బలం ఉండదు. దారిలో ఏ చిన్న అడ్డు ఉన్నా ఓడిపోతుంది. అప్పుడు నింద పంపు మీదో కార్బొరేటర్ మీదో పడుతుంది, ఎందుకంటే బానెట్ ఎత్తగానే కనిపించేవి అవే.

ఇలాంటి రోగం షెడ్డులో దొరకదు. షెడ్డుకి తెచ్చేసరికి బండి చల్లారిపోయి ఉంటుంది, సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది, మెకానిక్ మాత్రం ఏం చేస్తాడు? ఏదో ఒకటి మార్చి పంపిస్తాడు. అందుకని బండి ఆగిపోయిన చోటే, ఆగిన ఆ పది నిమిషాల్లోనే పరీక్షలు చేయాలి. స్పానర్లు, స్క్రూడ్రైవరు, ఒక పాత స్పార్క్ ప్లగ్గు, పెట్రోల్‌ని తట్టుకునే గట్టి సీసా, కొత్త హోస్ పైపు ముక్క, గుడ్డ, చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ డిక్కీలో వేసుకోండి. మరో మనిషి తోడు ఉండాలి. చేతిలో సిగరెట్ ఉన్నవాళ్లెవరినీ దగ్గరికి రానివ్వకండి. రోడ్డు పక్కన బానెట్ ఎత్తితే నలుగురూ చేరతారు కాబట్టి ఇది ముందే చెబుతున్నాను.

ఆగగానే ముందు వెనక్కి వెళ్లి ట్యాంకు మూత తీయండి. తీస్తున్నప్పుడు చెవి పెట్టి వినండి. గాలి లోపలికి బుస్సుమని పోయిన చప్పుడు వచ్చి, ఆ వెంటనే బండి స్టార్ట్ అయితే మీ సమస్య దాదాపు తేలిపోయినట్టే. పెట్రోల్ ఖర్చయ్యే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే ట్యాంకులో పీడనం పడిపోయి పంపు లాగలేదు. కాసేపు ఆగితే ఏదో సందులోంచి గాలి దూరి మళ్లీ సర్దుకుంటుంది. కొన్ని బండ్లలో ఈ గాలి మూతలో ఉన్న సన్నని రంధ్రంలోంచి వస్తుంది, కొన్నింటిలో ట్యాంకు పైనుంచి వేరే గొట్టం ఉంటుంది. మీ బండిలో ఏది ఉందో చూసి, దుమ్ము, తుప్పు, రంగు వేసినప్పుడు పడిన పెయింట్ ఏమైనా మూసేసిందేమో చూడండి. బజార్లో దొరికే మూత సరిపోయింది కదా అని వేసేసి ఉంటే, దానికి అసలు రంధ్రమే లేకపోవచ్చు. మూత వదులుగా పెట్టి నడిపి చూడమని కొందరు చెబుతారు, పెట్రోల్ ఒలికే ప్రమాదం ఉంది, అలా చేయకండి. దానికి బదులు ఐదారు కిలోమీటర్లకోసారి ఆపి, మూత తీసి మళ్లీ బిగించి వెళ్లండి. అలా చేస్తే ఆగకుండా వెళ్తోందంటే జవాబు దొరికినట్టే.

మూత దగ్గర ఏమీ లేకపోతే ముందుకు రండి. ఎయిర్ క్లీనర్ తీసి, ఇంజన్ ఆపి ఉండగానే కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లింకును చేత్తో ఒక్కసారి కదపండి. సన్నని ధారగా పెట్రోల్ చిమ్మాలి. చిమ్మితే కార్బొరేటర్ గిన్నెలో పెట్రోల్ ఉన్నట్టే, కాబట్టి బండి ఆగింది వేరే కారణంతో. చిమ్మకపోతే పెట్రోల్ అక్కడిదాకా రాలేదు. బండి బాగున్నప్పుడు ఇంట్లోనే ఒకసారి ఇలా చేసి ఆ ధార ఎలా ఉంటుందో చూసి పెట్టుకోండి. కార్బొరేటర్‌లోని చిన్న యాక్సిలరేటర్ పంపు ముందే పాడై ఉంటే ఈ పరీక్ష తప్పు దారి పట్టిస్తుంది.

పెట్రోల్ ఉండి కూడా స్టార్ట్ కావడం లేదంటే ప్లగ్గులో మెరుపు పుట్టించే కాయిల్, కండెన్సర్ మీద అనుమానం పెట్టుకోవాలి. వేడెక్కితే పనిచేయడం మానేసి, చల్లారితే మళ్లీ పనిచేయడం ఈ రెండింటికీ మామూలే. చాలామంది దీన్నే పెట్రోల్ సమస్య అనుకుని నెలల తరబడి తిరుగుతారు. తేడా మీకు సీట్లో కూర్చునే తెలుస్తుంది. కరెంటు పోతే స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగుతుంది. పెట్రోల్ అందకపోతే ముందు లాగడం తగ్గుతుంది, జర్కులు కొడుతుంది, కాలు తీస్తే కాస్త తేరుకుంటుంది, మళ్లీ నొక్కితే ముక్కుతుంది, ఆపైన ఆగుతుంది. మీరు జర్కులు అని రాశారు కాబట్టి నా మొగ్గు పెట్రోల్ వైపే. అయినా ఎయిర్ క్లీనర్ తిరిగి బిగించి, ఎక్కడా పెట్రోల్ ఒలకలేదని చూసుకుని, పాత ప్లగ్గుకి ప్లగ్గు వైరు తగిలించి, ఇంజన్‌కి ఆనించి, సెల్ఫ్ కొట్టించి మెరుపు వస్తోందో లేదో చూడటం మంచిది.

గొంతు పొడిగా ఉంటే మూడో పరీక్ష. కాయిల్‌కి వెళ్లే సన్నని వైరు తీసేయండి, అప్పుడు మెరుపు రాదు. పంపు నుంచి కార్బొరేటర్‌కి వెళ్లే పైపును కార్బొరేటర్ దగ్గర విప్పి, చివర సీసాలో పెట్టి, తోడు వచ్చిన మనిషిని సెల్ఫ్ కొట్టమనండి. సీసాని సైలెన్సర్ గొట్టానికి దూరంగా పట్టుకోండి. పెట్రోల్ ఆగి ఆగి, కానీ బలంగా కొట్టాలి. చుక్కలు చుక్కలుగా వస్తే వెనక అడ్డు ఉంది, లేదా పంపు బలహీనపడింది. బుడగలతో వస్తే ఎక్కడో గాలి పడుతోంది, లేదా గొట్టంలోనే పెట్రోల్ ఆవిరవుతోంది.

మా అంబాసిడర్ టెక్కలి వెళ్తూ కోటబొమ్మాళి దగ్గర ఆగినప్పుడు మూత దగ్గర ఏ చప్పుడూ లేదు, గొంతు పొడి, సీసాలో చుక్కలు. నాతో వచ్చినాయన శ్రీకాకుళం ఏడు రోడ్ల దగ్గర ఏళ్ల తరబడి టాక్సీ నడిపిన మనిషి. ఆయన పంపుకి వచ్చే వెనక పైపు విప్పి, సైకిల్ పంపు తగిలించి, ట్యాంకు మూత తీయించి, వెనక్కి గాలి కొట్టారు. ముందు గాలి పోలేదు. గట్టిగా కొట్టేసరికి ట్యాంకులో బుడబుడమని మోగింది. పైపు బిగించి స్టార్ట్ చేస్తే టెక్కలి దాకా ఎక్కడా ఆగలేదు. “బాబూ, పంపుని ఏమీ అనకండి, ట్యాంకు దింపించండి” అన్నారాయన.

ట్యాంకు దింపించి చూస్తే అడుగునంతా తుప్పు పొరలు, బంక, కాస్త నీళ్లు. మన సముద్రపు గాలికి ఇనుము ఎంత తొందరగా తుప్పు పడుతుందో మీకు చెప్పక్కర్లేదు. సగం ఖాళీ ట్యాంకుతో వారాల తరబడి నిలబెట్టిన బండిలో పైభాగమంతా తేమ పట్టి లోపల్నుంచే పొరలు రాలతాయి. హైవేలో ఇంజన్ ఎక్కువ పెట్రోల్ లాగుతుంది కాబట్టి ఈ పొరలు కొట్టుకొచ్చి, పెట్రోల్ పీల్చే గొట్టం మూతి దగ్గరున్న జాలీకి అతుక్కుంటాయి. బండి ఆగితే పీల్పు ఆగుతుంది, పొరలు జారి అడుగుకి దిగిపోతాయి, మళ్లీ దారి తెరుచుకుంటుంది. మీ అరగంట సంగతి ఇదే అయ్యుండొచ్చు. టౌన్‌లో మెల్లగా వెళ్తే ఆ లాగుడే ఉండదు, అందుకే అక్కడ బాగానే తిరుగుతుంది.

ట్యాంకు సంగతి ఇంటి దగ్గర తేల్చుకోవాలంటే ఇంకో పద్ధతి ఉంది. పెట్రోల్ క్యాన్‌ని బండి బయట, వేడి భాగాలకి దూరంగా నేల మీద పెట్టి, కొత్త హోస్‌తో నేరుగా పంపుకి కలపండి. ఇంజన్‌ని కాస్త రేజ్‌లో అరగంట తిరగనివ్వండి. ఆగకపోతే నమ్మకం కలుగుతుంది కానీ పూర్తి రుజువు కాదు, లోడు మీద నడిచేటప్పటి లాగుడు వేరు. ఆగిపోతే మాత్రం తప్పు పంపు దగ్గరో, దాని ముందో ఉంది. క్యాన్‌ని బానెట్ కింద పెట్టుకుని రోడ్డు మీద నడపడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

గాలి పట్టే రబ్బరు పైపుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది కంటికి కనిపించదు. పంపుకి ముందు వైపు పైపు పగిలితే పెట్రోల్ కారుతుంది, వాసన వస్తుంది, తెలిసిపోతుంది. వెనక వైపు, అంటే ట్యాంకుకీ పంపుకీ మధ్య పగిలితే చాలాసార్లు చుక్క కూడా కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. కొబ్బరిబొండాంలో చిల్లు పడ్డ స్ట్రా పెట్టి పీల్చినట్టే. ఎంత పీల్చినా గాలే వస్తుంది. కాబట్టి ఆ పైపులు చూడ్డానికి బాగున్నా పాతవైతే మార్చేయండి. ఇప్పుడు మన బంకుల్లో పోస్తున్నది ఇథనాల్ కలిసిన పెట్రోల్. మన దేశంలో 20 శాతం ఇథనాల్ ఉన్న ఈ20 అమ్మకం 2023లో మొదలైంది. ఈ బండ్లు తయారైన కాలపు రబ్బరు దీన్ని తట్టుకోవడానికి చేసింది కాదు. పైపు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది లేదా గట్టిపడి పగులుతుంది, లోపలి పొర ఊడి దారికి అడ్డం పడుతుంది. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. అది మరీ ఎక్కువైతే నీళ్లూ ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగున విడిగా చేరతాయి. కొనేటప్పుడు పైపు మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 (పెట్రోల్ పైపుల ప్రమాణం) అని అచ్చు ఉందో లేదో చూసి కొనండి. నీళ్ల పైపు, గాలి పైపు వేస్తే నాలుగు రోజులు కూడా ఆగదు. నడపని రోజుల్లో ట్యాంకు సగం ఖాళీగా ఉంచకండి.

ఇక వేడి. పెట్రోల్‌లో తేలికగా ఉండే భాగాలు 40 డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మొదలుపెడతాయి, పీల్పు వైపు పీడనం తక్కువ కాబట్టి ఇంకా ముందే. ఏప్రిల్, మే నెలల్లో సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కే పాత బండ్లకి పంపు మీద తడిగుడ్డ వేయడం పాత డ్రైవర్లందరికీ తెలిసిన పనే. మీరూ ఆగినప్పుడు పంపు మీద తడిగుడ్డ వేసి చూడండి, నీళ్లు ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీద, పొగ బయటికి పోయే వేడి మానిఫోల్డ్ మీద పడకుండా. అయిదు నిమిషాల్లోనే స్టార్ట్ అయితే వేడి వల్లే అనుకోవచ్చు. పంపు కింద చేత్తో కొట్టే చిన్న లివర్ ఉంటే పదిసార్లు కొట్టి చూడండి, దాంతో కూడా ఆవిరి తోసుకుపోతుంది.

మీరు పంపు కొత్తది వేయించారు కాబట్టి ఇంకొకటి తప్పకుండా చూడండి. పంపుకీ ఇంజన్ బ్లాకుకీ మధ్య మందపాటి ప్యాకింగ్ ముక్క ఉంటుంది. అది బ్లాకు వేడి పంపుకి ఎక్కకుండా ఆపుతుంది, లివర్ ఎంత కదలాలో కూడా దాని మందమే నిర్ణయిస్తుంది. పాతది పారేసి పల్చటి కాగితం ప్యాకింగ్‌తో బిగిస్తే పంపు వేడెక్కుతుంది, లివర్ మీద భారం పడుతుంది. ప్యాకింగ్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చేస్తే లివర్ పూర్తిగా కదలక పెట్రోల్ తక్కువ వస్తుంది. పంపు కొత్తదే కదా అని దాన్ని పక్కన పెట్టేయకండి. ఆయిల్ డిప్‌స్టిక్ కూడా తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే, లెవెల్ పెరిగి ఉంటే డయాఫ్రం చిరిగి పెట్రోల్ ఇంజన్ ఆయిల్ ఉండే సంపులోకి పోతోంది. అలాంటప్పుడు బండి కదపకండి, బేరింగులు పోతాయి.

తుప్పే కారణమని తేలితే ట్యాంకు దింపించి రేడియేటర్ పని చేసేవాళ్ల దగ్గర శుభ్రం చేయించండి. జాలీ, పీల్చే గొట్టం రెండూ చూడమనండి, బండి కింద పోయే ఇనుప గొట్టంలోకి కూడా గాలి కొట్టించండి. ట్యాంకుకి చిల్లు ఉంటే మాత్రం వెల్డింగ్ షాపులో నేరుగా మంట పెట్టనివ్వకండి. ఖాళీ అయిన పెట్రోల్ ట్యాంకు నిండుదాని కంటే ప్రమాదం, లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది. ఆ పని తెలిసి, ఆవిరంతా పోగొట్టాకే చేసేవాళ్లకి ఇవ్వండి. బిగించాక ట్యాంకుకీ పంపుకీ మధ్య ఒక పారదర్శక ఫిల్టర్ పెట్టించండి, సైలెన్సర్ గొట్టానికి దూరంగా. ఆ ఫిల్టర్ సగం ఖాళీగా కనిపించినా భయపడకండి, అది మామూలే. అందులో ఎర్రటి పొడి చేరుతోందా అన్నది చూడండి. మొదటి రెండు మూడు ట్యాంకుల పెట్రోల్ అయ్యేదాకా కొంత వస్తూనే ఉంటుంది, ఇంకో ఫిల్టర్ డిక్కీలో ఉంచుకోండి.

ఈ పరీక్షలు చేశాక మూత తీసినప్పుడు చప్పుడు వచ్చిందా లేదా, కార్బొరేటర్ గొంతు తడా పొడా, సీసాలో చుక్కలా బుడగలా, ఈ మూడు రాయండి. అవి తెలిస్తే ఎక్కడ విప్పాలో చెప్పగలను.